‘వేడి చేసింది మేడం’: ఒక క్యాబ్ డ్రైవర్ సయాటికా కేసు

నేను ఫిజియోథెరపిస్టుని. సొంతూరు మదనపల్లె దగ్గర. బెంగళూరులో మారతహళ్లి వైపు చిన్న క్లినిక్ పెట్టి తొమ్మిదేళ్లయింది. పేషెంట్ అనుమతి తీసుకుని, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. ఇలాంటి కేసులు ఏడాదికి చాలా చూస్తాం. ఇది మాత్రం ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను, కానీ అడగాల్సిన మాటల్లో అడగలేదు.

వచ్చిన మనిషి

వయసు 41. కదిరి వైపు ఊరు. పదకొండేళ్లుగా బెంగళూరులో క్యాబ్ నడుపుతున్నాడు. ఎక్కువగా ఎయిర్‌పోర్టు ట్రిప్పులు. రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు సీట్లోనే. షుగర్ లేదు, బీపీ లేదు. బామ్మర్దిని తోడు తీసుకుని వచ్చాడు.

రిసెప్షన్లో కుర్చీలో కూర్చున్న తీరులోనే సగం కథ కనబడింది. బరువంతా కుడి పిరుదు మీద వేసి, ఎడమ కాలు ముందుకు చాపి, రెండు చేతులూ కుర్చీకి ఆనించి సగం లేచినట్టు కూర్చున్నాడు. లేచి నిలబడితే నడుం నిటారుగా లేదు, కుడి పక్కకి ఒరిగి ఉంది. మనకి తెలియకుండానే శరీరం నరానికి చోటు ఇవ్వడానికి అలా ఒరుగుతుంది. నడుం దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి దిగే ఈ నొప్పినే సయాటికా అంటారు. ఆయుర్వేదంలో ఈ జబ్బుని గృధ్రసి అంటారు. గృధ్రము అంటే రాబందు. కాలు ఈడుస్తూ నడిచే ఆ నడక చూసి పెట్టిన పేరని చెబుతారు.

ఆరు వారాల కింద ఎయిర్‌పోర్టులో డిక్కీలోంచి పెద్ద సూట్‌కేసు వంగి ఎత్తాడు. అప్పటికేమీ కాలేదు. రెండో రోజు పొద్దున ముఖం కడుక్కోవడానికి వంగితే నడుం పట్టేసింది. నడుం నొప్పి ఆయనకు కొత్త కాదు, ఏడాదికి ఒకట్రెండుసార్లు వచ్చి పోయేదే. ఊర్లో ఎదురు కాళ్లతో పుట్టిన ఒకాయన చేత నడుం తొక్కించుకున్నాడు. మా వైపు ఇది ఇప్పటికీ ఉంది, నవ్వకండి. వారం పది రోజుల్లో నడుం నొప్పి తగ్గింది. తొక్కించుకున్నందుకే తగ్గిందని ఆయన నమ్మకం. సరిగ్గా అప్పుడే కాలు మొదలైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. నడుం నొప్పి తగ్గి కాలి నొప్పి పెరిగితే జనం దాన్ని రెండు వేరు వేరు జబ్బులుగా లెక్క వేసుకుంటారు. ‘నడుము బాగైపోయింది, ఇప్పుడు కాలు పట్టుకుంది’ అంటారు. వెన్నెముక ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు విషయంలో చాలాసార్లు ఇది ఒకటే కథ. డిస్కు లోపల గుజ్జు పై పొరని ఒత్తుతున్నంతసేపు నడుములో నొప్పి. పొర చిరిగి ఆ గుజ్జు బయటికి వచ్చి పక్కనున్న నరం మొదలుని తాకిందంటే, నొప్పి నడుము వదిలి ఆ నరం వెళ్లే దారంతా పాకుతుంది. నొప్పి కిందికి దిగుతోందంటే అది తగ్గుతున్నట్టు కాదు. పైకి, నడుం వైపు వెనక్కి వస్తేనే మంచి సూచన.

మూడు భాషల్లో ఒక నొప్పి

మొదట ఇంటి దగ్గరి క్లినిక్‌లో చూపించుకున్నాడు. అక్కడ కన్నడంలో ‘కాలు నోవు’ అన్నాడు, మోకాలి బయటి పక్క చెయ్యి పెట్టాడు. మోకాలికి ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదని ఐదు రోజులకు మాత్రలు ఇచ్చారు. తర్వాత ఇంకో చోట ఎముకల డాక్టరు నడుముకు ఎక్స్‌రే తీయించి, బెల్టు పెట్టుకోమన్నారు. ‘ఎల్4–ఎల్5లో గ్యాప్ వచ్చింది’ అని చెప్పారట. అంటే నడుంలోని ఐదు ఎముకల్లో నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య. ఈ గ్యాప్ అనే మాట మన ఊర్లలోనూ ఇక్కడా ఎవర్ని అడిగినా వినపడుతుంది. నిజానికి ఎక్స్‌రేలో డిస్కు కనపడదు, ఎముకలే కనపడతాయి. వాటి మధ్య ఉండాల్సిన ఖాళీ తగ్గితే దాన్నే మనవాళ్లు ‘గ్యాప్ వచ్చింది’ అంటారు. పేషెంట్ మాత్రం ఎముకలు విడిపోయాయనుకుని వంగడానికి కూడా భయపడతాడు.

హిందీలో దర్ద్, కన్నడంలో నోవు, ఇంగ్లిష్‌లో పెయిన్. మన మనిషి పరాయి భాషలోకి వెళ్లగానే నోటికి వచ్చేది ఆ ఒక్క మాటే. తెలుగులో అయితే వేరే. నేను ఆయన్ని ‘అన్నా, తెలుగులోనే చెప్పండి, మీ ఇంట్లో ఎట్లా చెబుతారో అట్లాగే’ అన్నాను. అప్పుడు వచ్చింది అసలు సంగతి: ‘పిర్రలో మొదలై పక్కగా కిందికి గుంజుతాంది మేడం. తుమ్మితే జివ్వుమని కరెంటు కొట్టినట్టు. పాదం మీద చీమలు పాకినట్టుంటాది. బొటనేలు దగ్గర మొద్దుబారింది.’

గుంజడం, జివ్వుమనడం, చీమలు పాకడం, మొద్దుబారడం. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు లక్షణాలు. నడుం కండరం పట్టేస్తే సలుపుతుంది, పీకుతుంది, బరువుగా ఉంటుంది, మహా అయితే తొడ వెనక దాకా వస్తుంది. ఎక్కడుందో చూపించమంటే అరచెయ్యి మొత్తం నడుం మీద వేస్తారు. నరం మొదలు నొక్కుకుపోతే ఒక సన్నటి దారిలో, మోకాలు దాటి కిందికి దిగుతుంది. చూపించమంటే ఒక్క వేలితో గీత గీసినట్టు చూపిస్తారు. అందుకే నేను స్కెచ్ పెన్ను చేతికిచ్చి, ‘మీ కాలి మీద మీరే గీయండి’ అంటాను. ఈయన గీసిన గీత ఎడమ పిరుదు మధ్యలోంచి తొడ బయటి పక్కగా, మోకాలి పక్కన, కాలి ముందు ఎముకకి బయటగా వచ్చి, పాదం పైభాగం మీదుగా బొటనవేలి దగ్గర ఆగింది.

ఎల్5 నరం దారి అదే. సయాటిక్ నరం అనేది మన ఒంట్లో అన్నిటికన్నా లావైన నరం, దాదాపు బొటనవేలంత ఉంటుంది. నడుం కింది భాగం నుంచి వచ్చే ఎల్4, ఎల్5, దాని కింది త్రికం ఎముక నుంచి వచ్చే ఎస్1, ఎస్2, ఎస్3 నరాల మొదళ్లు కలిస్తే అది ఏర్పడుతుంది. ఏ మొదలు నొక్కుకుందో పాదమే చెబుతుంది. ఎల్5 అయితే పాదం పైభాగం, బొటనవేలు. మడమల మీద నడవమంటే ఆ పక్క పాదం లేవదు. ఎస్1 అయితే పిక్క వెనకగా దిగి పాదం బయటి అంచు, చిటికెన వేలు. మునివేళ్ల మీద లేవలేరు. ఎల్4 అయితే తొడ ముందు నుంచి కాలి లోపలి పక్కకి. మెట్లు దిగేటప్పుడు మోకాలు ఉన్నట్టుండి మడత పడిపోతుంది. గీతలు ఇంత శుభ్రంగా అందరికీ ఉండవు, ఒకదానిలోకి ఒకటి కలిసిపోయేవి కూడా ఉంటాయి. కానీ అడగడం ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇంకో సంగతి ఆయన చెప్పలేదు, బామ్మర్ది చెప్పాడు. ‘బావ ఎడమ కాలి చెప్పు జారిపోతోంది మేడం, జారినట్టు కూడా చూసుకోడు. మొన్న గుడి దగ్గర ఒక్క చెప్పుతోనే పది అడుగులు నడిచాడు.’ అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. హవాయి చెప్పు కాలికి నిలవాలంటే నడిచే ప్రతి అడుగుకీ బొటనవేలు కొంచెం పైకి లేచి పట్టుకోవాలి. జారుతోందంటే వేలికి బలం తగ్గుతోంది.

మొదటి రోజు పరీక్ష

వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమ కాలు నేనే పైకి ఎత్తాను. 35 డిగ్రీల దగ్గర కాలి కిందిదాకా జివ్వుమంది. కాస్త దించి పాదాన్ని పైకి వంచితే మళ్లీ వచ్చింది. తొడ వెనక కండరం లాగడం వేరు, అది అందరికీ లాగుతుంది. 30 నుంచి 70 డిగ్రీల లోపల మోకాలి కిందికి అదే పాత నొప్పి రావాలి, అప్పుడే ఈ పరీక్షకి అర్థం. లాసెగ్ అనే ఫ్రెంచి డాక్టరు పేరు మీద ఉన్న ఈ పరీక్షని 1881లో ఆయన శిష్యుడు ఫోర్స్ట్ తన థీసిస్‌లో రాశాడు. పేరు గురువుకే మిగిలింది.

తర్వాత నొప్పి లేని కుడి కాలు ఎత్తాను. 55 డిగ్రీల దగ్గర ఎడమ కాల్లో నొప్పి వచ్చింది. ఇది అందరిలో రాదు. వచ్చిందంటే డిస్కు బాగానే బయటికి వచ్చి ఉంటుందని అనుమానించాలి.

బొటనవేలిని పైకి లేపి పట్టుకోమని, నా వేలితో కిందికి నొక్కాను. బలానికి మేం ఇచ్చే మార్కుల్లో ఐదుకి నాలుగు. కుడివైపు వేలు నేను కదపలేకపోయాను, ఎడమది మెల్లగా లొంగిపోయింది. బొటనవేలికి, దాని పక్క వేలికి మధ్య చర్మం మీద గుండుపిన్ను మొన తెలియడం తగ్గింది. మోకాలి దగ్గరా, మడమ వెనకా సుత్తితో కొడితే రెండు కాళ్లూ సమానంగా ఎగిరాయి. తుంటి కీలు అన్ని వైపులా తిప్పాను, ఇబ్బంది లేదు. తుంటి అరిగినవాళ్లు కూడా ‘నడుం నొప్పి, కాల్లోకి దిగుతోంది’ అనే వస్తారు, అయితే వాళ్లకి గజ్జలో నొప్పి, కూర్చుని కాలి మీద కాలు వేసుకోలేకపోవడం ఉంటాయి. సాయంత్రం జ్వరం, తగ్గిపోతున్న బరువు, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉన్నాయా అని కూడా అడిగాను. మన దేశంలో వెన్నెముక టీబీని మర్చిపోయి నడుం నొప్పి చూడకూడదు. అవేమీ లేవు.

ఇక ఆఖరి ప్రశ్న. ‘బాత్రూం ప్రాబ్లం ఏమైనా ఉందా అన్నా?’ అని అడిగాను. బామ్మర్ది పక్కనే కూర్చుని ఉన్నాడు. ‘ఏమీ లేదు మేడం’ అన్నాడు. ‘లేదు’ అని టిక్కు పెట్టి పేజీ తిప్పాను. ఆ రోజుకి ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఆ ప్రశ్నకి నిజం చెప్పే వీలు నేను ఇవ్వలేదన్నది కూడా నిజం.

ఎందుకు వెంటనే ఆపరేషన్ అనలేదు

బోర్లా పడుకోబెట్టి, ఐదు నిమిషాల తర్వాత మోచేతుల మీద లేవమన్నాను. పదిసార్లు చేసేసరికి పిక్కలో నొప్పి తొడ సగం దాకా వెనక్కి వెళ్లింది. పైన చెప్పిన మంచి సూచన ఇదే. నాకు నమ్మకం వచ్చింది.

‘మంచం మీదే ఉండాలా మేడం, కదలకూడదంట కదా’ అని అడిగాడు. ఈ ప్రశ్న వారానికి పదిసార్లు వింటాను. 1999లో నెదర్లాండ్స్‌లో సయాటికా ఉన్న 183 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుని రెండు వారాలు మంచం మీద ఉంచి చూశారు. రెండో గుంపుని మామూలుగా తిరగనిచ్చారు. 12 వారాలకి రెండు గుంపుల్లోనూ 87 శాతం మందికి తగ్గింది. మంచం వల్ల ఒరిగిందేమీ లేదు. అందుకే చిన్న చిన్న నడకలు, గంటకోసారి బోర్లా పడుకోవడం, రెండు వారాలు బండి ముట్టకపోవడం చెప్పాను. డ్రైవింగ్ గట్టిగా వద్దన్నాను. బెంగళూరు ట్రాఫిక్‌లో ఎడమ కాలు క్లచ్ మీద నిమిషానికి ఎన్నిసార్లు తొక్కుతుందో లెక్కే లేదు. దానికి తోడు హంపులు.

ఆపరేషన్ సంగతి కూడా అడిగాడు. డిస్కులోంచి బయటికి వచ్చిన గుజ్జుని శరీరం తనంతట తనే కరిగించుకోవడం తరచుగా జరుగుతుంది. 2007లో వచ్చిన ఇంకో డచ్ అధ్యయనంలో 283 మందిలో కొందరికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగిలినవాళ్లని ముందు మందులూ సలహాలతో చూశారు. ఆపరేషన్ చేసినవాళ్లకి నొప్పి త్వరగా పోయింది, కానీ ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఒకే దగ్గరికి చేరాయి. అయితే రెండో గుంపులో 39 శాతం మంది ఏడాది లోపల ఆపరేషన్ చేయించుకోక తప్పలేదు. కాబట్టి తొందరా వద్దు, మొండితనమూ వద్దు.

కాకపోతే వేలి బలం తగ్గిందని ఒక కాగితం మీద రాసి, వెన్నెముక సర్జన్‌ని కలిసి ఎంఆర్ఐ చేయించుకోమన్నాను. ‘ఈ వారంలోనే’ అన్నాను. ఆయన దాన్ని ‘వీలు చూసుకుని’ అని విన్నాడు. బండి కంతులు నెల నెలా కట్టాలి, ఎంఆర్ఐ అంటే వేలల్లో ఖర్చు. దాంతోపాటు ఆ రిపోర్టు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది, అందులో బల్జ్ (డిస్కు ఉబ్బడం) అని లేకుండా ఉండదు. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్‌లని కలిపి 2015లో లెక్క తీస్తే, ఇరవై ఏళ్ల వాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతం మందికి డిస్కు బల్జ్ ఉంది. రిపోర్టులో బల్జ్ ఉండటం తలలో తెల్ల వెంట్రుక ఉండటం లాంటిది. ఈ మాట నేను అందరికీ చెబుతాను. ఈయనకి కూడా చెప్పాను. ఈయన విషయంలో చెప్పకుండా ఉండాల్సింది, ఎందుకంటే ‘అందరికీ ఉండేదే కదా, ఇక స్కాన్ ఎందుకు’ అని తీసుకున్నాడు.

నాలుగో రోజు వచ్చాడు. కాలు 45 డిగ్రీల దాకా లేచింది. నొప్పి తగ్గింది, వేలి బలం అలాగే ఉంది. ఎనిమిదో రోజు రావాల్సింది, రాలేదు. ఫోన్ చేస్తే ‘బాగుంది మేడం, వస్తా’ అన్నాడు. తర్వాత తెలిసింది, అప్పటికే పూటకి రెండు ట్రిప్పులు తోలుతున్నాడని.

పదకొండో రోజు సాయంత్రం

భార్యతో వచ్చాడు. లోపల ఇంకో పేషెంట్‌ని చూస్తున్నాను. టైల్స్ మీద అడుగుల చప్పుడు వినపడింది. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు చప్‌మని. మళ్లీ ఒకటి మామూలుగా, ఒకటి చప్‌మని. పాదం ముందు భాగాన్ని ఆపే బలం లేనప్పుడు మడమ ఆనగానే అరికాలు నేలకి కొట్టుకుంటుంది. తల ఎత్తకముందే నాకు అర్థమైంది.

ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. ‘80 శాతం పోయింది మేడం నొప్పి! మొన్న రాత్రి రెండో కాల్లో కూడా వచ్చింది, భయపడ్డా. తెల్లారేసరికి మొత్తం తగ్గింది.’

ఈ జబ్బులో జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నొప్పి అన్నిటికన్నా గట్టిగా అరుస్తుంది, కానీ అన్నిటికన్నా తక్కువ ప్రమాదం దానిదే. దానికంటే పట్టించుకోవాల్సింది స్పర్శ తగ్గడం, దానికంటే బలం తగ్గడం, అన్నిటికంటే పైన మూత్రం, మలం మీద పట్టు తగ్గడం. నరం బతికుండి ఏడుస్తుంటే నొప్పి. ఏడుపు ఆగిందంటే నయమై ఉండవచ్చు, లేదా ఏడ్చే ఓపిక పోయి ఉండవచ్చు. నొప్పి తగ్గినప్పుడు బలం పెరిగిందా అన్నది చూడకుండా సంతోషించకూడదు.

బలం చూశాను. బొటనవేలు ఐదుకి ఒకటి. కండరం కదిలినట్టు కనపడుతోంది గానీ వేలు లేవడం లేదు. పాదం ఐదుకి మూడు. ఎడమ మడమ వెనక సుత్తి దెబ్బకి ఉలుకూ పలుకూ లేదు. మొదటి రోజు ఉంది. అంటే ఎల్5 ఒక్కటే కాదు, ఎస్1 కూడా పోతోంది. పైగా మధ్యలో రెండో కాలికీ నొప్పి పాకింది.

ఆయన భార్యతో ‘వదినా, కాసేపు బయట కూర్చోండి’ అన్నాను. అసిస్టెంట్ అమ్మాయిని పంపించి తలుపు దగ్గరికి వేశాను. ఈసారి బాత్రూం ప్రాబ్లం అనలేదు.

‘అన్నా, ఒంటికి వెళ్లడానికి నిలబడితే వెంటనే వస్తోందా, నిలబడి చూస్తూ ఉండాల్సి వస్తోందా?’

ఆయన కొంచెం ఆగి, ‘రెండ్రోజులుగా లేటుగా వస్తాంది మేడం. పొట్ట కింద నొక్కితే వస్తాంది. వేడి చేసింది మేడం. సీటు వేడికి మాకు మామూలే. బార్లీ నీళ్లు, సబ్జా తాగుతాండా’ అన్నాడు.

వేడి చేసింది. ఎంత సహజమైన మాట! ఎండల్లో రోజంతా సీట్లో కూర్చుని, టాయిలెట్ దొరక్క గంటల తరబడి ఆపుకునే డ్రైవరు మూత్రం సరిగా రాకపోతే ఇంకేమనుకుంటాడు? మా నాన్నయినా అదే అంటాడు. ఆయన నా దగ్గర ఏమీ దాచలేదు. నడుముకీ దీనికీ సంబంధం ఉందని ఆయనకు తెలిసే దారి లేదు, అంతే.

రెండో ప్రశ్న: ‘దొడ్డికి వెళ్లాక కడుక్కునేటప్పుడు నీళ్లు చల్లగా తగిలినట్టు తెలుస్తోందా?’

మా పుస్తకాల్లో ఈ ప్రశ్న కాగితంతో తుడుచుకోవడం గురించి ఉంటుంది. మనకి ఆ అలవాటు లేదు. ఇన్నేళ్లలో నేను ఈ ప్రశ్న నీళ్లతో అడగడం అదే మొదటిసారి. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ‘నీళ్లు పడినట్టు చేతికి తెలుస్తాంది మేడం. కింద తెలీడంలా.’

జీను మీద కూర్చుంటే గుర్రానికి ఆనే భాగం ఉంటుందే, అక్కడ స్పర్శ పోయింది. వెన్నుపాము నడుం పైభాగంలోనే, ఎల్1–ఎల్2 దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాల మొదళ్లు గుర్రం తోకలా కట్టగా వేలాడుతుంటాయి. కాళ్లకి వెళ్లేవి పక్కలకి చీలిపోతే, మూత్రాశయానికి, మలద్వారానికి, జననాంగాలకి వెళ్లే సన్నటివి మధ్యలో ఉంటాయి. పెద్ద డిస్కు ముక్క మధ్యలోకి తోసుకొస్తే అవి నలుగుతాయి. దీన్ని కాడా ఎక్వైనా సిండ్రోమ్ అంటారు. అరుదు. కానీ ఇది గంటల లెక్క, రోజుల లెక్క కాదు. ఒత్తిడి ఎంత త్వరగా తీస్తే అంత తిరిగి వస్తుంది. 48 గంటలు అనే మాట డాక్టర్ల నోట వినపడుతుంది, దాన్ని గడువులా తీసుకోకూడదు.

తెలిసిన వెన్నెముక సర్జన్‌కి ఫోన్ చేశాను. ‘ఓపీ కాదు, ఎమర్జెన్సీకి పంపండి’ అన్నారు. ఉత్తరంలో మొదటి వాక్యంలోనే కాడా ఎక్వైనా అనుమానమని, మూత్రం సంగతి, స్పర్శ సంగతి రాశాను. అప్పుడు టైము ఆరు కావస్తోంది. ఆ టైములో అవుటర్ రింగ్ రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన తనే తోలుకుంటూ వెళ్తానన్నాడు! ఇంకో డ్రైవర్‌ని పిలిపించి పంపించాం. ఆసుపత్రి కౌంటర్లో ‘నడుం నొప్పి’ అని వినగానే ‘రేపు పొద్దున ఓపీకి రండి’ అన్నారట. ఆయన భార్య కదల్లేదు. ‘ఈ కాగితం డాక్టరు చదివినాకే పోతాం’ అని అక్కడే నిలబడింది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఈ కేసులో నాకంటే ఎక్కువ పని చేసింది ఆమే.

మూత్రం పోసిన తర్వాత స్కాన్ చేస్తే సంచిలో ఇంకా 420 మిల్లీలీటర్లు మిగిలి ఉంది. మామూలుగా దాదాపు ఖాళీ కావాలి, 200 దాటితే అనుమానం బలపడుతుంది. రాత్రి ఎంఆర్ఐలో ఎల్4–ఎల్5 దగ్గర పెద్ద ముక్క మధ్యలోకి, ఎడమకి తోసుకొచ్చి నరాల దారిని చాలావరకు మూసేసింది. తెల్లారకముందే ఆపరేషన్ అయిపోయింది.

తర్వాత ఎనిమిది నెలలు

మూత్రం గొట్టంతోనే ఇంటికి వచ్చాడు. పన్నెండో రోజు తీశారు. మొదట్లో గడియారం చూసి మూడు గంటలకోసారి వెళ్లడం, కూర్చుని నెమ్మదిగా పోయడం. కింద స్పర్శ మూడో నెలకి చాలావరకు వచ్చింది. మలబద్ధకం ఎక్కువ రోజులు వేధించింది. ఇంకో సంగతి రెండో నెలలో అర్ధరాత్రి వాట్సాప్‌లో అడిగాడు, దాంపత్యం గురించి. ఎదురుగా కూర్చుని అడగలేకపోయాడు. ఆ నరాలు కూడా ఆ కట్టలోనివేనని, టైము పడుతుందని రాసి, యూరాలజిస్టుని కలవమన్నాను. ఇప్పుడు ఇబ్బంది లేదన్నాడు. నేను మొదటి రోజే ఆ మాట ఎత్తి ఉంటే ఆయన రెండు నెలలు ఒక్కడే ఆలోచించుకుంటూ ఉండేవాడు కాదు.

పాదానికి నాలుగు నెలలు ప్లాస్టిక్ స్ప్లింట్ పెట్టాం. వేలి బలం ఎనిమిదో నెలకి ఐదుకి నాలుగు దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోవచ్చు. మొదటి వారంలోనే స్కాన్ అయి ఉంటే మొత్తం వచ్చేదా? చెప్పలేను. రాత్రి పడుకున్నప్పుడు ఈ ప్రశ్న నాకు వస్తుంది.

ఇప్పుడు ఒక కంపెనీ వాళ్ల ఆటోమేటిక్ కారు నడుపుతున్నాడు, ఎడమ కాలికి పని లేదు. గంటకోసారి దిగి నాలుగడుగులు వేస్తాడు. వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకుంటున్నాడు. సూట్‌కేసులు ఎత్తడు, ‘డాక్టరు వద్దన్నారు సార్’ అని చెప్పేస్తాడు.

నా టేబుల్ మీద ఇప్పుడు ఒక అట్ట ఉంటుంది. నడుం నొప్పి అని వచ్చిన ప్రతి మనిషినీ, తోడు వచ్చినవాళ్లని బయటికి పంపి, అందులో రాసినట్టే అడుగుతాను. చెప్పు జారుతోందా? గుమ్మానికి కాలి వేళ్లు తట్టుకుంటున్నాయా? ఒంటికి వెళ్తే వెంటనే వస్తోందా, ధార మునుపటిలాగే ఉందా? వచ్చిందని తెలియకుండానే బట్టలు తడుస్తున్నాయా? కడుక్కుంటే నీళ్ల చల్లదనం తెలుస్తోందా? నొప్పి రెండో కాల్లోకి కూడా వచ్చిందా? ఈ మధ్య వేడి చేసిందనిపించిందా? చివరి ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు.

పోయిన నెల ఆయన ఇంకో డ్రైవర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. నడుం పట్టేసి వంగిపోయిన కుర్రాడు, ఇరవై ఏడు ఏళ్లు. నేను ఫైలు తెరిచేలోపే ‘ముందు వీడిని ఆ నీళ్ల ప్రశ్న అడగండి మేడం’ అని, తనే బయటికి వెళ్లి తలుపు మూశాడు. ఆ అబ్బాయికి ఏమీ లేదు. కండరం పట్టేసింది, వారంలో తగ్గింది.